ఆరో తరగతికి కొత్తగా వచ్చే పిల్లల్ని ఈ స్కూలు ఎలా చేర్చుకుంటుంది: ఒక అమ్మ రివ్యూ

మా అబ్బాయికి నత్తి ఉంది. నేను రాసేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది కాబట్టి ముందే చెప్తున్నాను. చదువు ఎలా చెప్తారు, గ్రౌండ్ ఎంత పెద్దది, రిజల్ట్స్ ఎలా వస్తాయి లాంటివి ఇందులో ఉండవు. అయిదో తరగతి దాకా వాడు ఒకే చిన్న స్కూల్లో చదివాడు. అక్కడ ఆయా దగ్గర్నుంచి హెడ్ మేడమ్ దాకా అందరికీ వాడి సంగతి తెలుసు, వాడు మాట పూర్తి చేసేదాకా ఆగేవాళ్లు. అలాంటి పిల్లాడు వందలమంది ఉన్న మిడిల్ స్కూల్లో అడుగుపెడితే వాళ్లు వాణ్ని ఎలా చేర్చుకున్నారన్నదే నేను చెప్పాలనుకున్నది. మెచ్చుకోవాల్సినవి చాలా ఉన్నాయి, ఫిర్యాదులూ ఉన్నాయి. మా వాడు ఇంకా అక్కడే చదువుతున్నాడు కాబట్టి స్కూలు పేరు రాయడం లేదు. మీరు ఏ స్కూల్లో చేర్పిస్తున్నా ఏం అడగాలో, ఏం చూడాలో మాత్రం ఇందులో దొరుకుతుంది.

అడ్మిషన్ అయ్యాక రెండు కాగితాలిచ్చారు. ఒకటి మాకు, ఒకటి పిల్లాడికి. మాకిచ్చింది మామూలు ఫారమే. అలర్జీలున్నాయా, కళ్లజోడుందా, సాయంత్రం ఎవరొచ్చి తీసుకెళ్తారు. పిల్లాడి కాగితం వేరు. "నిన్ను ఏమని పిలవాలి?", "ఈ స్కూల్లో నీకు తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?", "దేనికి భయంగా ఉంది?", "క్లాసులో ఏం చేయమంటే నీకు ఇబ్బంది?" అని అడిగారు. నింపి, కవర్లో పెట్టి, అంటించి తెమ్మన్నారు. క్లాస్ టీచర్ తప్ప ఎవరూ చదవరని పైనే రాసి ఉంది. మా వాడు నన్నూ చూడనివ్వలేదు. చాలా రోజుల తర్వాత వాడే చెప్పాడు. "లేచి పేరు చెప్పమనకండి అని రాశానమ్మా" అన్నాడు.

నత్తి గురించి తెలియనివాళ్లకి ఇది వింతగా అనిపించొచ్చు. నోటికి రాని మాట ఎదురైతే ఈ పిల్లలు చటుక్కున దాని బదులు ఇంకో మాట వేసుకుని గట్టెక్కుతారు. సొంత పేరుకి బదులు మాట ఉండదు. అందుకే నత్తి ఉన్న చాలామందికి పలకడానికి అన్నిటికన్నా కష్టమైన మాట వాళ్ల పేరే. అయిదో తరగతిలో రోజంతా ఒకే టీచర్. ఆరులో సబ్జెక్టుకి ఒకరు. అంటే మొదటి రోజు పీరియడ్ పీరియడ్‌కీ ఒక కొత్త మనిషి లోపలికొచ్చి "ఒక్కొక్కరూ లేచి మీ పేరు చెప్పండి" అంటారు. మిగతా పిల్లలకి అది రెండు సెకన్ల పని. మా వాడు దాని గురించే వేసవంతా సరిగా నిద్రపోలేదు.

క్లాస్ టీచర్ ఏం చేశారో వినండి. ప్రతి పిల్లాడికీ ఒక కార్డు ఇచ్చి పేరు, ఇష్టమైన ఒక విషయం రాయమన్నారు. తర్వాత పక్కపక్కన కూర్చున్న ఇద్దరిద్దర్ని కలిపి లేపి, రెండు కార్డులూ ఇద్దరూ ఒకేసారి గొంతు కలిపి చదవమన్నారు. క్లాసు మొత్తానికీ అదే పద్ధతి. ఇంకొకరితో కలిసి ఒకేసారి చదివినప్పుడు నత్తి చాలావరకు రాదు, స్పీచ్ థెరపీ వాళ్లందరికీ తెలిసిన విషయమే ఇది. ఆమెకీ తెలుసు, లేదా తెలుసుకుని వచ్చారు. మా వాడు తన పేరు, పక్కవాడి పేరు గడగడా చదివేసి కూర్చున్నాడు. వాడికోసమే ఆ ఏర్పాటు చేశారని క్లాసులో ఒక్కరికీ తెలియదు. సిగ్గుపడే పిల్లలకీ, గొంతు పెగలని పిల్లలకీ కూడా అదే కార్డు అదే రకంగా పనికొచ్చింది. నాకు ఈ స్కూలు మీద నమ్మకం కుదిరింది అక్కడే. పిల్లాణ్ని కాగితం మీద అడగడం చాలా స్కూళ్లు చేస్తాయి. రాసింది చదివి, దాన్ని బట్టి తమ మొదటి పీరియడ్ మార్చుకునే టీచర్లు తక్కువ.

అదే రోజు ఇంకో సబ్జెక్టు సార్ మాత్రం "లేచి పేరు చెప్పు" అన్నారు. మా వాణ్ని లేచి పేరు చెప్పమనొద్దని క్లాస్ టీచర్ మిగతా టీచర్లకి పంపిన స్లిప్పు ఆయన చూడలేదట. మా వాడు నిలబడ్డాడు, మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయాడు, వెనక బెంచీలో ఎవరో నవ్వారు. సాయంత్రం ఆ సారే ఫోన్ చేసి "స్లిప్పు చూసుకోవాల్సిందమ్మా, పొరపాటు నాదే" అన్నారు. ఆయన మంచితనాన్ని కాదనను. కానీ పిల్లాడు మూసిన కవర్లో రాసిచ్చిన మాట అందరు టీచర్లకీ అందిందో లేదో చూసే మనిషి ఒకరు ఉండాలి. ఆఫీసులో అడిగితే అలాంటి బాధ్యత ప్రత్యేకంగా ఎవరికీ లేదన్నారు. ఇది పెద్ద లోపం. మీరు కూడా ఇలాంటి కాగితం నింపితే, "ఇది ఎవరెవరికి చేరుతుంది, చేరిందని ఎవరు చూస్తారు?" అని తప్పకుండా అడగండి.

స్కూలు తెరవకముందే రెండుసార్లు పిల్లల్ని రమ్మన్నారు. మొదటిసారి ఖాళీ బిల్డింగ్ చూపించారు. టైమ్‌టేబుల్ చేతికిచ్చి ఒక్కో గది తిరగమన్నారు. సైన్స్ ల్యాబ్ నుంచి లెక్కల గదికి ఏ మెట్లెక్కాలి, నీళ్లెక్కడ, నర్సు గది ఎక్కడ. రెండోసారి మామూలు పనిరోజున, పై తరగతుల పిల్లలంతా ఉండగా పిలిచారు. అది చాలా తెలివైన పని. ఖాళీ కారిడార్‌లో భయపడాల్సిందేముంది? బెల్ కొట్టగానే రెండువైపుల నుంచీ తమకన్నా తలెత్తు పొడవున్న పిల్లలు తోసుకుంటూ వచ్చినప్పుడు కదా భయం. మా వాడు ఆ రోజు గోడకి అంటుకుపోయాడు. రెండో బెల్‌కి గోడ వదిలాడు.

టాయిలెట్ల సంగతి పెద్దవాళ్లం మర్చిపోతాం, పిల్లలు మర్చిపోరు. పెద్ద పిల్లలుంటారని భయపడి పొద్దున్నుంచీ నీళ్లు తాగకుండా సాయంత్రం దాకా ఓర్చుకునే పిల్లలు ప్రతి స్కూల్లోనూ ఉంటారు. ఇక్కడ ఆరో తరగతి పిల్లలకి వాళ్ల అంతస్తులోనే వేరే టాయిలెట్లు పెట్టారు. ఇంటర్వెల్‌లో ఆ కారిడార్‌లో ఒక టీచర్ నిలబడతారు. క్లాసు మధ్యలో వెళ్లాలంటే నోరు తెరిచి అడగక్కర్లేదు, తలుపు పక్కన కొక్కేనికి వేలాడుతున్న కార్డు తీసుకుని వెళ్లొచ్చు. ఈ కార్డు నత్తి పిల్లల కోసం పెట్టింది కాదు, కానీ మా వాడికి ఎంత ఊరటో నాకు తెలుసు. ఆడపిల్లల టాయిలెట్లలో శానిటరీ ప్యాడ్లు అడగకుండానే అందుబాటులో ఉంచారని పక్కింటి అమ్మాయి వాళ్లమ్మ చెప్పింది. ఆ వయసులో అది చాలా అవసరం.

ఇక తోడన్న సంగతి. ఎనిమిదో తరగతి పిల్లల్లో కొందరికి సెలవుల్లోనే శిక్షణ ఇచ్చి, ఒక్కొక్కరికి అయిదారుగురు కొత్త పిల్లల్ని అప్పగిస్తారు. తోడన్న, తోడక్క అంటారు. ర్యాంకర్లనీ క్లాస్ లీడర్లనీ ఏరి పెట్టకపోవడం నాకు నచ్చింది. మా వాడికి దొరికిన తోడన్న చదువులో అంతంతమాత్రం, ఫుట్‌బాల్ అంటే పడిచస్తాడు. కిందటేడు సగంలో వేరే స్కూలు నుంచి వచ్చి చేరాడట, కొత్తగా ఉండటమంటే ఏమిటో వాడికి బాగా తెలుసు. స్కూలు తెరవడానికి ముందు వాడి చేత్తో రాసిన ఉత్తరం ఇంటికొచ్చింది. "గేటు లోపల ఎడమ పక్క చెట్టు కింద ఉంటాను. నీలం టోపీ పెట్టుకుంటాను. నువ్వొచ్చేదాకా క్లాసుకి వెళ్లను." అంతే. ఆ కాగితం మా వాడు జేబులో పెట్టుకునే వెళ్లాడు. స్వాగతం అంటే బ్యానర్లు కడతారు, బెలూన్లు వేలాడదీస్తారు. పిల్లాడికి ధైర్యం ఇచ్చింది మాత్రం ఫలానా చోట ఫలానా మనిషి నాకోసం ఎదురుచూస్తుంటాడన్న మాట.

ఆ శిక్షణలో ఏం నేర్పుతారని కౌన్సెలర్ మేడమ్‌ని అడిగాను. మూడు విషయాలు చెప్పారు. మొదటిది, లంచ్‌లో ఎవరూ ఒంటరిగా కూర్చోకుండా చూడాలి. మొదటి కొన్ని వారాలు ఎవరి గుంపు బల్ల వాళ్లకి ముందే ఖాయం చేస్తారు కాబట్టి ట్రే పట్టుకుని "ఎక్కడ కూర్చోను?" అని బిక్కమొహం వేయాల్సిన పని ఉండదు. రెండోది, ఎవరైనా కొట్టారనో, తాకకూడని చోట తాకారనో చిన్న పిల్లలు చెప్పుకుంటే "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వకూడదు, వెంటనే పెద్దవాళ్లకి చెప్పాలి. మూడోది, గొడవలు తీర్చడం వాళ్ల పని కాదు. ఈ మూడోదాన్ని నేను మనసారా మెచ్చుకుంటాను. పదమూడేళ్ల పిల్లల నెత్తిన పోలీసు పని పెట్టకూడదు. మా వాడి తోడన్నకి మాత్రం ఇంకొకటి కూడా చెప్పారట. మాట ఆగినప్పుడు మధ్యలో అందించొద్దు, మొహం తిప్పుకోవద్దు, ఆగు అని. చాలామంది పెద్దవాళ్లకే రాదది.

ఈ వయసు పిల్లలకి అసలు చిక్కెక్కడుందో జాక్వెలిన్ ఎకిల్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన సహచరులతో కలిసి 1993లో రాసిన వ్యాసంలో చెప్పారు. పదకొండు, పన్నెండేళ్లకి పిల్లలకి తమ మాట చెల్లాలనిపిస్తుంది. అమ్మానాన్నలు కాకుండా ఇంకో పెద్దమనిషి ఎవరైనా తమని దగ్గరగా ఎరిగి ఉంటే బాగుండుననిపిస్తుంది. సరిగ్గా అప్పుడే స్కూలు మారి, రూల్స్ పెరిగి, టీచర్లకి పిల్లల పేర్లే గుర్తుండనంత దూరం ఏర్పడుతుంది. ఇది చదివాక ఇక్కడి టీచర్లు ప్రతి పీరియడ్‌కీ గది గుమ్మంలో నిలబడి పేరు పెట్టి పలకరించడం నాకు మరింత విలువగా తోచింది. దీని మీద కూడా పరిశోధన ఉంది. 10 మిడిల్ స్కూల్ తరగతి గదుల్లో చేసి 2018లో ప్రచురించారు. టీచర్లు గుమ్మంలో పిల్లల్ని పలకరించి లోపలికి పంపిన గదుల్లో పిల్లలు పాఠంలో నిమగ్నమై ఉండే సమయం బాగా పెరిగింది, అల్లరి తగ్గింది. పైసా ఖర్చు లేని పని.

అన్నీ సాఫీగా జరిగాయని కాదు. పై తరగతి పిల్లాడొకడు మెట్ల దగ్గర మా వాడు మాట్లాడే తీరుని అనుకరించడం మొదలుపెట్టాడు, ఇద్దరు ముగ్గురు నవ్వేవాళ్లు. రోజూ అదే మెట్ల దగ్గర. మా వాడు ఇంట్లో చెప్పలేదు. తోడన్న చూసి, నేర్పినట్టే నేరుగా కౌన్సెలర్ మేడమ్‌కి చెప్పాడు. ఆ సాయంత్రమే నాకు ఫోన్ వచ్చింది. ఏం జరిగింది, ఇప్పటిదాకా ఏం చేశాం, మళ్లీ ఎప్పుడు ఫోన్ చేస్తాం అన్నీ చెప్పారు. చెప్పిన రోజున చేశారు కూడా.

నార్వేలో 1983లో స్కూళ్లలో వేధింపుల్ని అరికట్టే కార్యక్రమం మొదలుపెట్టిన డాన్ ఓల్వియస్ వేధింపుకి మూడు గుర్తులు చెప్పాడు. కావాలని చేయడం, మళ్లీ మళ్లీ చేయడం, ఎదుటివాడు ఎదురుతిరగలేని స్థితిలో ఉండటం. ఈ స్కూలు వాళ్లు పిల్లల మధ్య గొడవనీ వేధింపునీ వేరువేరుగా చూస్తారు. గొడవైతే ఇద్దర్నీ కూర్చోబెట్టి మాట్లాడతారు. వేధింపైతే కూర్చోబెట్టరు. బలవంతుడి ఎదురుగా బలహీనుణ్ని కూర్చోబెట్టి "ఇద్దరూ చేతులు కలపండి" అంటే ఆ పిల్లాడు భయపడి సరే అంటాడు, బయటికెళ్లాక మళ్లీ మొదటికొస్తుంది. వీళ్లు అనుకరించిన పిల్లాడితో విడిగా మాట్లాడారు, నవ్విన పిల్లలతోనూ ఒక్కొక్కరితో విడిగా మాట్లాడారు, వాళ్ల ఇళ్లకి చెప్పారు. మెట్ల దగ్గర ఇంటర్వెల్ డ్యూటీ వేశారు. మా వాణ్ని వేరే దారిలో వెళ్లమనలేదు. నేను అడిగినా ఆ పిల్లాడి పేరు చెప్పలేదు. అప్పుడు నాకు ఒళ్లుమండింది కానీ, రేపు నా పిల్లాడు తప్పు చేస్తే వాడి పేరూ ఇంకొకరికి చెప్పకూడదని నేనూ కోరుకుంటాను. అనుకరణ ఆగిపోయింది. మా వాడు ఇప్పటికీ ఆ మెట్లే ఎక్కుతున్నాడు.

ఇంకో మంచి పని, చూడటానికి చిన్నదే. స్కూలు తెరిచిన కొత్తలో ఒక పీరియడ్‌లో కిందటేడు ఆరో తరగతి చదివిన పిల్లలు రాసిన ఉత్తరాలు చదివించారు. "మొదట్లో నాకెవరూ ఫ్రెండ్స్ దొరకరేమో అని టెన్షన్ పడ్డాను, ఇప్పుడు ఫర్వాలేదు", "మొదటి టెస్టులో మార్కులు తక్కువొచ్చాయి, మేడమ్‌ని అడగడం మొదలుపెట్టాక సర్దుకుంది" లాంటివి. తర్వాత ఈ పిల్లల్ని వాళ్ల సొంత సంగతి రాయమన్నారు. ఇలాంటి రాత పనే అమెరికాలో ఒక జిల్లాలోని 11 మిడిల్ స్కూళ్లలో 1,300 మందికి పైగా ఆరో తరగతి పిల్లలతో చేయించి చూశారు. జెఫ్రీ బోర్మన్ బృందం 2019లో ప్రచురించిన ఆ ఫలితాల ప్రకారం, ఈ రాత పని చేసిన పిల్లల్లో క్రమశిక్షణ ఫిర్యాదులు 34 శాతం, గైర్హాజరు 12 శాతం, ఫెయిల్ గ్రేడ్లు 18 శాతం తగ్గాయి. ఈ భయం నా ఒక్కడికే కాదు, ఇది పోతుంది అన్న సంగతి పిల్లాడికి తోటి పిల్లల నోటి నుంచి అందడమే ఇందులో కిటుకు. మేం ఎంత చెప్పినా అది "అమ్మ అలాగే అంటుందిలే" కిందకే పోతుంది.

ఇప్పుడు నచ్చనివి.

మొదటిది మొదటి రోజు పెట్టిన స్వాగత సభ. చెవులు చిల్లులు పడే మ్యూజిక్, రంగురంగుల కాగితాలు, కొత్త పిల్లల్ని ఒక్కొక్కర్నీ స్టేజీ మీదికి పిలిచి మైకులో పేరు చెప్పించడం. మా వాడికి ముందే మినహాయింపు ఇచ్చారు, వాడు తోడన్న పక్కన కిందే కూర్చున్నాడు. కానీ స్టేజీ మీద మైకు చూసి ఏడ్చేసిన ఒక పాప మొహం నేను మర్చిపోలేను. క్లాసులో అంత ఆలోచించి కార్డుల పద్ధతి పెట్టిన స్కూలే హాల్లో దానికి పూర్తిగా వ్యతిరేకంగా చేసింది. శబ్దానికి తట్టుకోలేని పిల్లలుంటారు, ఆటిజం ఉన్న పిల్లలుంటారు. ఆ సభ ఎత్తేసి ఆ సమయం తోడన్నలకి ఇస్తే చాలు.

రెండోది నన్ను ఎక్కువగా బాధపెట్టేది. ఈ ఏర్పాట్లన్నీ గేటు దగ్గర ఆగిపోతాయి. స్కూలు బస్సులో తోడన్న లేడు, టీచర్ లేరు. డ్రైవర్ రోడ్డు చూడాలి, వెనక సీట్లో ఏం జరుగుతోందో ఆయన చూడలేడు. ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా పెద్ద పిల్లలదే రాజ్యం. మా వాడు ముందు సీట్లో కిటికీ పక్కన కూర్చుని ఎవరితోనూ మాట్లాడకుండా వస్తాడు. పిల్లాడి రోజు క్లాసులో మొదలవదు, బస్సులో మొదలవుతుంది.

మూడోది, తోడన్న ఏర్పాటు మొదటి నెలతో అయిపోతుంది. నా అనుభవంలో కష్టం అప్పుడే మొదలవుతుంది. మొదటి వారాల్లో అందరూ కొత్తే, అందరూ పలకరించుకుంటారు. తర్వాత గుంపులు కడతారు, పాత స్కూలు ఫ్రెండ్స్ విడిపోతారు, ఎవరు ఎవరి గుంపులో లేరో తేలిపోతుంది. లంచ్ బల్లలు ఖాయం చేయడం ఆపేసిన రోజునే మా వాడు మొదటిసారి ఒంటరిగా తిన్నాడు. ఆ తోడన్నే స్కూలు చెప్పకపోయినా వచ్చి పలకరిస్తూ ఉన్నాడు, వాడి మంచితనం అది. ఏర్పాటు ఒక పిల్లాడి మంచితనం మీద ఆధారపడకూడదు. ఏడాది మధ్యలో చేరే పిల్లలకైతే ఇవేవీ లేవు, వాళ్లకి మొదటి నెల అనేదే ఉండదు కాబట్టి.

పేరెంట్స్ వాట్సాప్ గ్రూప్ గురించి ఒక్క మాట చాలు. మ్యూట్ చేయండి. క్లాస్ టీచర్‌కి ఏదైనా చెప్పాలంటే డైరీలో రాయండి, జవాబు ఆ రోజే వస్తుంది.

మొత్తానికి నేను ఈ స్కూలుకి అయిదుకి నాలుగు ఇస్తాను. నత్తి, సిగ్గు, కొత్త చోటంటే బెదురు ఉన్న పిల్లలున్న ఇళ్లవాళ్లు ధైర్యంగా చేర్పించొచ్చు. బస్సులో ఎక్కువ దూరం రావాల్సిన పిల్లలైతే మాత్రం మొదట్లో కొన్నాళ్లు మీరే దింపడం మంచిది. వేరే స్కూళ్లు చూస్తున్నవాళ్లు వెళ్లినప్పుడు ల్యాబ్, లైబ్రరీ ఎలాగూ వాళ్లే చూపిస్తారు. మీరు టాయిలెట్లు చూపించమనండి. లంచ్‌లో కొత్త పిల్లాడు ఎక్కడ కూర్చుంటాడో అడగండి. ఏదైనా జరిగితే వాడు ఎవరికి చెప్పుకోవాలో ఆ మనిషి పేరు, గది చెప్పమనండి. "ఎవరికైనా చెప్పొచ్చు" అనే జవాబు వస్తే జాగ్రత్తపడండి. ఈ స్కూల్లో ప్రతి పిల్లాడి ఐడీ కార్డు వెనక ఆ పేరు, గది నంబరు రాసి ఉంటాయి.

బస్సు సంగతి, తోడన్న ఏర్పాటుని ఏడాది పొడుగునా ఉంచాలన్న సంగతి స్కూలుకి రాసిచ్చాను. ఇంకో కొంతమంది పేరెంట్స్ కూడా సంతకాలు పెట్టారు. వచ్చే ఏడాది నుంచి ప్రతి బస్సుకీ ఒక తోడక్కనో తోడన్ననో పెట్టే ఆలోచన ఉందన్నారు. పెడితే ఈ రివ్యూలోనే అప్‌డేట్ చేస్తాను.